కోరంగి నుంచి బర్మా క్యాంపు దాకా: బర్మా రాజకీయార్థిక పరిణామాలు – తెలుగు శ్రామికులు (1852–1982)

వ్యాససంగ్రహం: పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం నుంచి బర్మాకు వెళ్లిన తెలుగు శ్రామికుల చరిత్రను ఆ దేశ రాజకీయార్థిక పరిణామాలతో జోడించి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బర్మా నుంచి తెలుగువారి నిష్క్రమణను జాతి విద్వేషం ఫలితంగానే చెప్పడం పరిపాటి. శ్రామికులను సమీకరించిన పద్ధతిలోనే వారి పరాయీకరణకు మూలం ఉందనీ, తర్వాత వచ్చిన చట్టాలు ఆ పరాయితనానికి శాసనరూపం ఇచ్చాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బర్మా, కోరంగీలు, మేస్త్రీ వ్యవస్థ, వలస శ్రమ, పౌరసత్వం, జాతీయీకరణ, కాందిశీకులు.

1. ఉపోద్ఘాతం

ఉత్తరాంధ్ర తీరంలో పాత తరంవారి మాటల్లో రంగూన్‌కు ‘రంగం’ అని పేరు. రంగం వెళ్లడమంటే సముద్రం దాటి కూలికి పోవడమే. ఆ నగరంలో ఆ కూలీకి దక్కిన పేరు ‘కోరంగీ’. గోదావరి ముఖద్వారం వద్ద, కాకినాడకు సమీపంలో ఉన్న కోరంగి రేవు నుంచి ఈ పేరు పుట్టింది. 1839 నాటి తుపానుకు ఆ రేవు ధ్వంసమై క్రమంగా ప్రాముఖ్యం కోల్పోయింది. అయినా ఒక శతాబ్దం తర్వాత కూడా రంగూన్ ఓడరేవులో బస్తాలు మోసే తెలుగువాడు, అతడు గంజాం నుంచి వచ్చినా విశాఖపట్నం నుంచి వచ్చినా, కోరంగీయే. 1960లలో అదే శ్రామికుల సంతతి విశాఖపట్నంలో దిగినప్పుడు వారి నివాసానికి ‘బర్మా క్యాంపు’ అనే పేరు స్థిరపడింది. ఒకే సమూహం అక్కడ కోరంగి పేరుతోనూ, ఇక్కడ బర్మా పేరుతోనూ గుర్తింపు పొందింది. రెండు చోట్లా ఆ పేరు సూచించింది వారు ఎక్కడి నుంచి వచ్చారన్న దానినే.

తెలుగువారి ప్రవాస చరిత్రలో మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా, మలేషియాలకు దక్కిన ప్రాధాన్యంతో పోలిస్తే బర్మాకు దక్కినది తక్కువ. దీనికి ఒక కారణం ఊహించవచ్చు. మారిషస్, ఫిజీ వంటి చోట్లకు వెళ్లినవారు అక్కడే స్థిరపడి సంఘాలను, పాఠశాలలను, భాషా సంప్రదాయాన్ని మిగిల్చారు. బర్మా వలసలో అధికభాగం వెళ్లి రావడమే. అందువల్ల ఆ చరిత్ర రెండు దేశాల మధ్య చీలి, ఏ ఒక్కదానికీ పూర్తిగా చెందకుండా పోయింది. ఆ చీలికకు కారణమైన ఆర్థిక వ్యవస్థను, దాని రాజకీయ ఫలితాలను క్రమంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వరి ఆర్థిక వ్యవస్థ – వలస మార్గాలు

బ్రిటిష్‌వారు బర్మాను మూడు యుద్ధాలలో ఆక్రమించారు. 1824–26 యుద్ధంతో అరకాన్, తెనసెరిం ప్రాంతాలు, 1852లో దిగువ బర్మా, 1885లో ఎగువ బర్మా వారి వశమయ్యాయి. 1886 జనవరి 1న ఎగువ బర్మా విలీనాన్ని ప్రకటించడంతో దేశమంతా బ్రిటిష్ ఇండియాలో భాగమైంది. ఆర్థికంగా చూస్తే వీటిలో 1852 కీలకమైనది. ఐరావతి డెల్టాలో అప్పటికి పది లక్షల ఎకరాలకు మించని వరిసాగు 1930ల నాటికి ఎనభై లక్షల ఎకరాలు దాటింది. 1869లో సూయజ్ కాలువ ప్రారంభం కావడం ఈ విస్తరణకు ఊతమిచ్చింది. 1930లలో బర్మా ఏటా దాదాపు ముప్పై లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేస్తూ ప్రపంచంలో అగ్రస్థానంలో నిలిచింది.

అడవిని నరికి పొలంగా మార్చినవారు ప్రధానంగా ఎగువ బర్మా నుంచి దిగివచ్చిన బర్మా రైతులేనని మైకేల్ ఆడాస్ 1974లో ప్రచురించిన ‘ది బర్మా డెల్టా’ గ్రంథంలో నిరూపించాడు. కానీ పండిన ధాన్యాన్ని మరపట్టడానికి, మూటలు మోయడానికి, ఓడల్లోకి ఎక్కించడానికి కావలసిన శ్రమ డెల్టాలో చాలినంత దొరకలేదు. భూమి సులభంగా దొరికే దేశంలో రైతు కూలికి రాడు. వచ్చినా తక్కువ కూలికి రాడు. బంగాళాఖాతానికి ఇటువైపు పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. గంజాం, విశాఖపట్నం జిల్లాలలో జమీందారీ శిస్తుల భారం, వర్షాధార సేద్యం, 1866, 1888–89 సంవత్సరాలలో గంజాంలో వచ్చిన కరువులు భూమిలేని కులాలను, చిన్న రైతులను ఊళ్ల నుంచి కదిలించాయి. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ వంటి రేవుల నుంచి రంగూన్‌కు ఓడ ప్రయాణం కొద్ది రోజుల పని.

ఈ ప్రయాణం ఋతువులను అనుసరించి సాగింది. బర్మాలో కోతలు, మరపట్టే పనులు మొదలయ్యే కాలానికి ఓడలు నిండేవి. పని ముగిశాక చాలామంది ఊరు చేరేవారు. 1920ల చివరి సంవత్సరాలలో భారతదేశం నుంచి బర్మాకు ఏటా మూడు నాలుగు లక్షల మంది వెళ్లారు. ఇంచుమించు అంతే సంఖ్యలో తిరిగివచ్చారు. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలోని మొత్తం కోటీ నలభై ఆరు లక్షల జనాభాలో భారతీయులు సుమారు 10 లక్షల 18 వేలు. వారిలో తెలుగువారు ఇంచుమించు లక్షన్నర. రంగూన్ నగర జనాభా నాలుగు లక్షలు కాగా అందులో సగానికి పైగా, అంటే 2 లక్షల 12 వేల మంది, భారతీయులే. ఒక దేశపు రాజధానిలో ఆ దేశీయులే అల్పసంఖ్యాకులుగా మిగలడం తరువాతి రాజకీయాలను అర్థం చేసుకోవడానికి మొదటి ఆధారం.

3. మేస్త్రీ వ్యవస్థ: అప్పుతో మొదలైన ప్రయాణం

మారిషస్, ఫిజీలకు వెళ్లిన శ్రామికులు ప్రభుత్వం నమోదు చేసిన ఒప్పందపత్రాల మీద వెళ్లారు. బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఒక రాష్ట్రం కాబట్టి అక్కడికి వెళ్లడం చట్టం దృష్టిలో విదేశీ వలస కాదు. ఈ ప్రయాణంలో ప్రభుత్వ ఒప్పందం స్థానాన్ని మేస్త్రీ ఆక్రమించాడు. అతడు సాధారణంగా కూలీల ప్రాంతంవాడే, వారి భాషవాడే. పల్లెలో ఓడ ఛార్జీకి, ఇంటి ఖర్చుకు బయానా ఇచ్చి ముఠా కట్టేవాడు. రంగూన్‌లో వారికి పని చూపేవాడు, బస చూపేవాడు, కూలి డబ్బు కూడా అతడి చేతుల మీదుగానే వచ్చేది. సరకు దించే కంపెనీ పెద్ద మేస్త్రీకి, అతడు చిన్న మేస్త్రీకి, అతడు కూలీకి చెల్లించేవారు. ప్రతి మెట్టు దగ్గరా కొంత తరుగు పోయేది. బయానా బాకీ తీరే వరకు కూలీ మరొకరి దగ్గర పనికి చేరే వీలుండేది కాదు.

ఈ పద్ధతిని గురించి రెండు సమకాలీన సాక్ష్యాలు ముఖ్యమైనవి. రాయల్ లేబర్ కమిషన్ 1931 నివేదిక రంగూన్ కూలీల వసతిగృహాల ఇరుకును, మేస్త్రీల కోతలను ప్రస్తావించింది. వలస శ్రామికుల రక్షణాధికారిగా రంగూన్‌లో పనిచేసిన ఇ. జె. ఎల్. ఆండ్రూ 1933లో ‘ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్’ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. ఓడరేవు, బియ్యపు మిల్లులు, నగర పారిశుద్ధ్యం, రిక్షా లాగడం వంటి పనులలో తెలుగువారి సంఖ్య ఎంత అధికమో ఈ రచనల వల్ల తెలుస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ వ్యవస్థ అపరిచితం కాదు. ఇరవయ్యో శతాబ్దిలో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి దేశమంతటా ఆనకట్టల పనులకు వెళ్లిన పాలమూరు కూలీలను సమీకరించిన గుంపుమేస్త్రీ కూడా బయానాతోనే ముఠా కట్టాడు. రెండు సందర్భాలలోనూ కూలీ సొంత ఊరితో బంధం తెగలేదు, పనిచేసిన చోట బంధం ఏర్పడలేదు. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. పాలమూరు కూలీ ఎక్కడ పనిచేసినా తన దేశపు పౌరుడే. రంగూన్ కూలీ పనిచేస్తున్న భూభాగం మాత్రం మరొక దేశంగా మారిపోయింది.

మేస్త్రీ వ్యవస్థ పర్యవసానాలు మూడు. మొదటిది, వలసవచ్చినవారిలో అత్యధికులు ఒంటరి పురుషులు. అందువల్ల స్థిరమైన కుటుంబజీవనం పరిమితమైంది. రెండవది, కూలీకి బర్మా సమాజంతో సంబంధం మేస్త్రీ ద్వారానే కాబట్టి బర్మా భాష నేర్చుకోవలసిన అవసరం తక్కువ. మూడవది, ఏటా వచ్చిపోయే కూలీకి భూమి గాని, ఇల్లు గాని, నివాసాన్ని రుజువు చేసే పత్రం గాని ఉండవు. ఈ మూడో అంశం 1948 తర్వాత నిర్ణాయకమైంది.

4. మాంద్యం – 1930 ఘర్షణలు

వలసపాలన కాలపు బర్మాను వివరించడానికి అక్కడ పాలనాధికారిగా పనిచేసిన జె. ఎస్. ఫర్నివాల్ ‘బహుళ సమాజం’ అనే భావనను ప్రతిపాదించాడు. భిన్న జాతులు అంగడిలో మాత్రమే కలుసుకుంటాయనీ, ఒకే రాజ్యాధికారం కింద జీవిస్తున్నా ఉమ్మడి సామాజిక సంకల్పం ఏర్పరచుకోవనీ అతడి విశ్లేషణ సారాంశం. ఈ భావన ఎంతో ఉపయుక్తమైనదే అయినా ఒక పరిమితి ఉంది. ‘భారతీయులు’ అనే ఒకే గడిలో చెట్టియార్ వడ్డీవ్యాపారి, బెంగాలీ గుమాస్తా, తెలుగు కూలీ ముగ్గురూ చేరిపోతారు. బర్మా రైతు భూమిని చేజిక్కించుకున్నవాడు ఒకడు, ఓడరేవులో ఆ రైతు కొడుకుతో పనికి పోటీపడినవాడు మరొకడు. ఆగ్రహం ఇద్దరి మీదా సమానంగా పడినా ఇద్దరి స్థానాలు సమానం కావు.

1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యంతో ధాన్యం ధర కూలిపోయింది. అప్పులు తీర్చలేని రైతుల పొలాలు రుణదాతల పరమయ్యాయి. దిగువ బర్మాలోని పదమూడు ప్రధాన వరి జిల్లాలలో 1930లో చెట్టియార్ల అధీనంలో ఉన్న సాగుభూమి 6 శాతం. 1938 నాటికి అది 25 శాతానికి చేరింది. భూమి కోల్పోయిన బర్మా యువకులు పనికోసం రంగూన్ చేరారు. అక్కడ వారికి ఎదురైనవాడు తెలుగు కూలీ.

1930 మే నెలలో జరిగిన సంఘటనలను ఈ నేపథ్యంలోనే చూడాలి. కూలి పెంచాలని భారతీయ ఓడరేవు కార్మికులు, వారిలో అధికులు తెలుగువారు, మే 6న సమ్మెకు దిగారు. అంతకు ముందురోజే గాంధీ అరెస్టయ్యాడు. యాజమాన్యాలు సమ్మెకారుల స్థానంలో బర్మా కూలీలను చేర్చుకున్నాయి. సమ్మె పరిష్కారం కాగానే పాతవారిని తిరిగి తీసుకుని, కొత్తవారిని వెళ్లిపొమ్మన్నాయి. మే 26న పనికి వచ్చి నిరాశతో నిలబడిన బర్మా కూలీలకు, తిరిగి చేరిన తెలుగు కూలీలకు మధ్య మొదలైన గొడవ నగరమంతా వ్యాపించింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి; మృతులలో అత్యధికులు తెలుగు కూలీలు.

ఈ ఘటన స్వరూపం గమనార్హం. సమ్మె కార్మిక సమస్య. దానిని భగ్నం చేయడానికి ఒక వర్గాన్ని మరొక వర్గం మీదికి వాడుకోవడం యాజమాన్య నిర్ణయం. ఫలితం మాత్రం జాతి కల్లోలం. ఇద్దరు కూలీలకూ ఉమ్మడి సంఘం లేదు, ఉమ్మడి భాష లేదు. ఈ కల్లోలం వెనువెంటనే ‘దొబమా’, అంటే ‘మేము బర్మీయులం’ అనే నినాదంతో కొత్త జాతీయోద్యమం రూపుదిద్దుకుంది. అదే ఏడాది డిసెంబరులో సాయా సాన్ నాయకత్వంలో రైతు తిరుగుబాటు చెలరేగింది. మాంద్యం నుంచి పుట్టిన ఈ ఉద్యమాలు వలసపాలనను వ్యతిరేకించడంతోపాటు, ఆ పాలన తెచ్చిన జనాన్ని కూడా పరాయివారిగా పరిగణించాయి. 1938లో భారతీయ ముస్లింలు ప్రధాన లక్ష్యంగా మరోమారు అల్లర్లు జరిగాయి.

5. విభజన, యుద్ధం, కాలినడక

1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి వేరుపడింది. ఆ రోజు నుంచి తెలుగు కూలీ తన ప్రయాణం మార్చుకోకుండానే విదేశీయుడయ్యాడు. వలసలపై విచారణకు నియమితుడైన జేమ్స్ బాక్‌స్టర్ నివేదిక ఆధారంగా 1941లో రెండు ప్రభుత్వాల మధ్య వలస నియంత్రణ ఒప్పందం కుదిరింది. యుద్ధం రావడంతో అది ఆచరణకు నోచుకోలేదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడరేవు కూలీలు వేల సంఖ్యలో నగరం విడిచారు. దానితో రేవులో పని స్తంభించింది. నగరం కదలడానికి ఎవరి శ్రమ ఆధారమో పాలకులకు అప్పుడు స్పష్టంగా కనిపించింది. 1942 మార్చి రెండో వారం నాటికి రంగూన్ జపాన్ సేనల వశమైంది. ఓడల్లో చోటు దొరకనివారు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, చింద్విన్ నది దాటి మణిపూర్ వైపు, హుకావుంగ్ లోయ గుండా అస్సాం వైపు నడిచారు. నాలుగైదు లక్షల మంది ఈ దారులు పట్టారు. ఆకలి, కలరా, మలేరియాలతో దారిలో మరణించినవారి సంఖ్యపై అంచనాలు పదివేల నుంచి యాభైవేలకు పైగా ఉన్నాయి. ఈ ప్రయాణాన్ని పరిశోధించిన హ్యూ టింకర్ దానిని విస్మృతమైన సుదీర్ఘయాత్రగా అభివర్ణించాడు. మణిపూర్ దారిలో యూరోపియన్లకు, భారతీయులకు వేర్వేరు మార్గాలు, వసతులు ఉన్నాయన్న ఆరోపణ ఆనాటి భారత రాజకీయాలలో తీవ్ర నిరసనకు దారితీసింది.

యుద్ధం తెలుగుతీరాన్నీ తాకింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. దశాబ్దాలుగా కూలీలను రంగూన్‌కు పంపిన రేవులే ఈ దాడికి గురయ్యాయి.

6. స్వాతంత్ర్యం, పౌరసత్వం, జాతీయీకరణ

యుద్ధానంతరం కొందరు తెలుగువారు బర్మాకు తిరిగి వెళ్లారు. వారికంటే ముందే అక్కడ కుటుంబాలతో స్థిరపడినవారూ ఉన్నారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. ఆనాటి పౌరసత్వ నిబంధనల ప్రకారం, బ్రిటిష్ రాజ్యంలో పుట్టి 1942 జనవరి 1కి గాని 1948 జనవరి 4కి గాని ముందున్న పదేళ్లలో ఎనిమిదేళ్లకు తగ్గకుండా బర్మాలో నివసించినవారు పౌరసత్వం కోరుకోవచ్చు. చూడడానికి ఇది ఉదారమైన నియమమే. కానీ ఏటా ఓడెక్కి ఊరికి పోయి వచ్చిన కూలీకి ఎనిమిదేళ్ల నివాసాన్ని నిరూపించడం ఎలా? 1942లో కొండలు దాటి నడిచినవాడికి రెండో పదేళ్ల లెక్క ఎలా పొసగుతుంది? మేస్త్రీ ఖాతాలో పేరున్నా ప్రభుత్వ దస్త్రంలో లేనివాడు ఏ పత్రం చూపగలడు? భారతీయులలో అర్హులు కూడా అనేకులు దరఖాస్తు చేసుకోలేదని ఉషా మహాజని, నళినీ రంజన్ చక్రవర్తి తమ గ్రంథాలలో చర్చించారు. వారి అనిశ్చితికి రాజకీయ కారణాలు ఉన్నా, శ్రామికుల విషయంలో మాత్రం సమీకరణ పద్ధతే ప్రధాన అవరోధంగా భావించవలసి ఉంది.

1962 మార్చి 2న జనరల్ నె విన్ సైనిక కుట్ర ద్వారా అధికారాన్ని చేజిక్కించుకున్నాడు. అదే ఏప్రిల్‌లో ‘బర్మా సోషలిస్టు మార్గం’ అనే విధానపత్రం వెలువడింది. 1963లో బ్యాంకులు, 1964 మార్చిలో దుకాణాలు జాతీయం అయ్యాయి. 1964 మే 17న 50, 100 చాట్ నోట్లను రద్దుచేశారు. బ్యాంకులకు దూరంగా నగదు రూపంలోనే పొదుపు దాచుకునే చిన్న వ్యాపారులకు, కూలీలకు ఇది కోలుకోలేని దెబ్బ.

జాతీయీకరణ ధనిక విదేశీయులను ఉద్దేశించినదని సమర్థకుల వాదం. అయితే చెట్టియార్ల భూములు అప్పటికే భూమి జాతీయీకరణ చట్టాల కింద పోయాయి. బ్రిటిష్ కంపెనీలలో అధికభాగం వెళ్లిపోయాయి లేదా వాటాలు ప్రభుత్వపరమయ్యాయి. 1964లో మిగిలినవారు ప్రధానంగా కిరాణా కొట్టువారు, పాలవాళ్లు, కూలీలు, చిన్న ఉద్యోగులు. 1960ల మధ్యలో రెండు నుంచి మూడు లక్షల మంది భారతీయులు బర్మాను విడిచారు. తమ సంపాదనలో స్వల్పభాగానికి మించి వెంట తీసుకువెళ్లడానికి వారికి అనుమతి లేదు.

ఈ విధానాల వల్ల బర్మా ప్రజలకు కూడా మేలు జరగలేదు. ఒకప్పుడు ప్రపంచంలో బియ్యం ఎగుమతిలో మొదటిదైన దేశం 1987 డిసెంబరు నాటికి ఐక్యరాజ్యసమితి గుర్తించిన అత్యల్పాభివృద్ధి దేశాల జాబితాలో చేరింది. ఆ సెప్టెంబరులోనే మరోమారు నోట్ల రద్దు జరిగింది. ఈసారి నష్టపోయినవారు ప్రధానంగా బర్మీయులే. మరుసటి ఏడాది ఆగస్టులో విద్యార్థుల నాయకత్వంలో దేశవ్యాప్త తిరుగుబాటు వచ్చింది. పరాయివారిమీద ప్రయోగించిన ఆయుధం చివరకు స్వజనం మీదికే తిరిగిందన్నది ఈ క్రమం చెప్పే సత్యం.

1982 పౌరసత్వ చట్టం ఈ పరాయీకరణను మరింత గట్టిపరచింది. పౌరులను మూడు తరగతులుగా విభజించి, 1823కు ముందు నుంచి ఆ దేశంలో స్థిరపడిన జాతులవారికే సంపూర్ణ పౌరసత్వాన్ని జన్మహక్కుగా గుర్తించింది. మొదటి ఆంగ్ల–బర్మా యుద్ధానికి ముందరి ఏడాది అది. అంటే బ్రిటిష్ పాలనతో వచ్చినవారెవరూ ఆ జన్మహక్కుకు నోచుకోరు. అలా ఒక శతాబ్దపు శ్రమ చరిత్రను ఒక్క తేదీతో చట్టం వెలుపల ఉంచింది.

7. తిరిగివచ్చినవారు

తిరిగివచ్చినవారు మద్రాసు, విశాఖపట్నం రేవులలో దిగారు. వారిలో ఎందరో బర్మాలో పుట్టినవారే. తాతలనాటి ఊళ్లతో సంబంధం ఏనాడో సన్నగిల్లింది. బర్మాలో వారు భారతీయులు కాబట్టి బయటివారు. ఇక్కడ బర్మా నుంచి వచ్చినవారు కాబట్టి మళ్లీ బయటివారు. విశాఖపట్నం కంచరపాలెం ప్రాంతంలోని బర్మా క్యాంపు ఈ చరిత్రకు నేటికీ నిలిచి ఉన్న స్థలనామం. శిబిరం కాలనీగా, కాలనీ పేటగా మారినా పేరు మారలేదు.

ఈ శ్రామికుల జీవితాలను దస్త్రాల కంటే మౌఖిక చరిత్ర ఎక్కువగా భద్రపరచింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘రంగం’ అనే మాట, పాత ఉత్తరాలు, ఓడ ప్రయాణాల జ్ఞాపకాలు, కుటుంబ కథనాలు ఇంకా లభ్యమవుతున్నాయి. ప్రభుత్వ దస్త్రాలు కూలీని తలలెక్కలో, కూలి రేటులో, మరణాల సంఖ్యలో చూపుతాయి. అతడు ఏ భాషలో బేరమాడాడో, ఏ పండుగకు ఇల్లు చేరాడో, ఎందుకు మళ్లీ ఓడెక్కాడో అవి చెప్పవు. ఆ జ్ఞాపకాలున్న చివరి తరం ఉన్నప్పుడే వాటిని సేకరించవలసిన బాధ్యత తెలుగు శాఖలది కూడా.

8. ముగింపు

బర్మా రాజకీయార్థిక పరిణామాలను తెలుగు శ్రామికుని వైపు నుంచి చూసినప్పుడు కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. వలస ప్రభుత్వం, వ్యాపారులు, మిల్లులు అతడి శ్రమను గుర్తించాయి. ఏ రాజ్యమూ అతడి ఉనికిని గుర్తించలేదు. బయానా మీద వచ్చిన కూలీకి స్థిరనివాసం దక్కకపోవడం ఆ వ్యవస్థ స్వభావం. ఆ స్థిరనివాసం లేదన్న కారణంతోనే స్వతంత్ర రాజ్యం అతడికి పౌరసత్వాన్ని నిరాకరించింది. రైతుల భూమిపోటు వల్ల పుట్టిన ఆగ్రహానికి గురైనవారిలో ఆ భూమిని తాకని కూలీలే అత్యధికులు.

పొరుగుదేశపు చరిత్రను పరదేశ చరిత్రగా చదివినంత కాలం కోరంగి పేరు ఒక స్థలనామంగానూ, బర్మా క్యాంపు పేరు ఒక పేటగానూ మిగులుతాయి. రెండింటినీ ఒకే చరిత్రకు రెండు కొసలుగా చదివితే, శ్రమను ఆహ్వానించి శ్రామికుణ్ణి నిరాకరించే ఏ ఆర్థిక వ్యవస్థకైనా చివరికి మిగిలేది ఏమిటో తెలుస్తుంది. తెలుగు శ్రామికులు నేటికీ బయానా మీదా, దళారుల మాట మీదా దేశాలు దాటుతున్నారు. వారిని గురించి ఆలోచించడానికి రంగూన్ ఓడరేవు చరిత్ర తప్పనిసరి పూర్వపాఠం.